పదో తరగతి ఇంగ్లిషులో మాట్లాడటానికి మార్కులు ఉండాలా?

గాజువాక తండ్రి:
మా అబ్బాయికి పదో తరగతి ఇంగ్లిషులో 100కి 91 వచ్చాయి. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో చేరాడు. పాఠం అర్థమవుతోంది, జవాబు కూడా తెలుసు, కానీ లేచి నిలబడితే ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నాడు. మరి ఆ 91 దేనికి వేసినట్టు? మూడు గంటల పదిహేను నిమిషాలు రాయించి, ఒక్క నిమిషమైనా మాట్లాడించని పరీక్ష భాషను కొలిచిందంటే నేను ఒప్పుకోను. సీబీఎస్ఈలో రాత పరీక్షకు 80, అంతర్గత మూల్యాంకనానికి 20 ఉన్నాయి. వినడం, మాట్లాడటం ఆ ఇరవైలో భాగం. మన రాష్ట్ర బోర్డులో కూడా వందలో ఇరవై వీటికి ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. విశాఖలోని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఏమంటారు?

ఆనందపురం టీచరు:
అయ్యా, మీ బాధ న్యాయమైనదే. మీరు అడిగే ఇరవై మాత్రం మనకు కొత్త కాదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక మన బోర్డులోనూ రాతకు 80, ఇంటర్నల్‌కు 20 ఉండేవి. ఆ ఇరవైని ఏడాది పొడవునా బడిలోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్షల నుంచి లెక్కించేవారు. ఒక్కో పరీక్ష 50 మార్కులకు జరిగేది. తరగతిలో పాల్గొన్నందుకు పది, రాత పనులకు పది, ప్రాజెక్టుకు పది, స్లిప్ టెస్టుకు ఇరవై. ఆలోచన మంచిదే. కానీ ఎన్నో బడులు పిల్లలందరికీ ఇరవైకి ఇరవై వేసి పంపాయి. ఉన్నది ఉన్నట్టు పదమూడో పద్నాలుగో వేసిన ప్రభుత్వ బడుల పిల్లలు నష్టపోయారు. ఆ ఫిర్యాదుల వల్లే 2019-20 నుంచి ఇంటర్నల్ మార్కులు తీసేశారు. మళ్లీ తెస్తే మళ్లీ అదే జరుగుతుంది.

ఇంకో మాట. మా తరగతిలో తెల్లవారకముందే పూల మార్కెట్టుకు బుట్టలు చేర్చి, ఆ తర్వాత బడికి వచ్చే పిల్లలు ఉన్నారు. ఇంట్లో ఇంగ్లిషు మాట చెవిన పడదు. ఎంవీపీ కాలనీలో చిన్నప్పటి నుంచి ఇంగ్లిషు వింటూ పెరిగిన పిల్లవాడి పక్కన వీళ్లను నిలబెట్టి మాట్లాడించి మార్కులు వేస్తే, మనం కొలిచేది బడి నేర్పిన చదువును కాదు, తల్లిదండ్రుల స్తోమతను. రాత పరీక్షలో ఆ తేడా కొంతైనా తగ్గుతుంది. జవాబు పత్రం మీద పేరు ఉండదు, బడి పేరు ఉండదు. స్పాట్‌లో దిద్దేవాళ్లకు అది ఎవరి బిడ్డ రాసిందో తెలియదు. ఆ రక్షణను వదులుకోమంటే నాకు భయంగా ఉంది.

మద్దిలపాలెం లెక్చరరు:
టీచరు గారూ, రాత పరీక్ష న్యాయమైనదన్న మాట వరకు మీతో ఏకీభవిస్తాను. అది ఇంగ్లిషును కొలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఉత్తరం, డైరీ, సంభాషణ, పోస్టరు, జీవిత పరిచయం అంటూ సొంతంగా రాయాల్సినవాటికి కూడా గైడ్లలో చట్రాలు తయారుగా ఉన్నాయి. ప్రశ్నలో ఒక వ్యక్తి పుట్టిన ఊరు, చదువు, సాధించినవి ఇస్తారు. విద్యార్థి బట్టీ పట్టిన వాక్యాల ఖాళీల్లో వాటిని నింపుతాడు. ఆ వ్యక్తి శాస్త్రవేత్త అయినా ఆటగాడైనా వాక్యాలు అవే. అలా చదివి మంచి మార్కులతో మా కళాశాలకు వచ్చిన వాళ్లను, నిన్న ఏం చేశారో అయిదు వాక్యాలు రాయమంటే కలం కదలదు.

ఉత్తీర్ణత శాతాలు చూసి ఆనందపడటం కూడా మానుకోవాలి. కోవిడ్ వల్ల 2020, 2021లో పరీక్షలు జరగలేదు. 2022లో రాష్ట్రంలో 67.26 శాతం మంది పాసయ్యారు. 2024 వచ్చేసరికి అది 86.69 శాతం. రెండేళ్లలో పిల్లల ఇంగ్లిషు అంతగా మారిపోయిందని తరగతి గదిలో ఉన్నవాళ్లెవరూ అనరు. 35 దాటించడం వేరు, భాష రావడం వేరు.

భీమిలి మాస్టారు:
ఒక్క విషయం గుర్తు చేస్తాను. 2023లో అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని 3 నుంచి 9వ తరగతి వరకు ఇంగ్లిషు నైపుణ్యాన్ని కొలిచే టోఫెల్ పరీక్షలన్నారు. ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈలోకి మార్చి, తర్వాత మళ్లీ రాష్ట్ర బోర్డుకు తెచ్చారు. ప్రతిసారీ మార్పు పరీక్షతోనే మొదలవుతోంది. ఉపాధ్యాయుడికి శిక్షణ అందేలోపు ఇంకో మార్పు వచ్చి పడుతోంది. మార్కులు ఎన్ని అన్నది తర్వాత తేల్చవచ్చు. మాట్లాడించడం మాకు ఎవరు నేర్పుతారు?

పాడేరు విద్యార్థి:
నమస్కారం. నేను విశాఖలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఆశ్రమ పాఠశాలలో పది పూర్తి చేశాను. మా ఇంట్లో మా గిరిజన భాష కువి మాట్లాడతాం. తెలుగు బడిలో నేర్చుకున్నాను, ఇంగ్లిషు ఆ తర్వాత. టీచరు గారు మాలాంటి వాళ్ల గురించే బాధపడుతున్నారని అర్థమైంది, అందుకు కృతజ్ఞతలు. కానీ మాట్లాడటానికి మార్కులు లేవు కాబట్టే మాతో మాట్లాడించలేదు. పదో తరగతిలో ఇంగ్లిషు పీరియడు మొత్తం బిట్లు, మోడల్ పేపర్లతోనే గడిచింది. పట్నం పిల్లలకు ఇంట్లోనో ట్యూషన్లోనో మాట్లాడే అవకాశం ఉంటుంది. మాకు బడి తప్ప వేరే చోటు లేదు. మార్కులు తక్కువ వచ్చినా పరవాలేదు, నేర్పితే చాలు.

ఆనందపురం టీచరు:
బాబూ, నువ్వు చెప్పినదానికి నా దగ్గర ఎదురు వాదన లేదు. మార్కు లేనిదానికి పీరియడు ఉండదన్నది నిజం. నా భయం మాత్రం ఆ మార్కు ఎవరి చేతిలో ఉంటుందన్న దగ్గరే ఉంది. వినడంతో మొదలుపెట్టవచ్చు. అన్ని కేంద్రాల్లో ఒకే ఆడియో వినిపించి బిట్లు రాయిస్తే ఎవరు దిద్దినా మార్కు మారదు. మాట్లాడటాన్ని వందలో కలపకుండా మెమోలో వేరే వరుసగా చూపించాలి. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగింటికీ విడివిడిగా స్కోరు ఇస్తారు. మాట్లాడే పరీక్షను రికార్డు చేస్తారు కూడా.

గాజువాక తండ్రి:
వేరే వరుస అంటే ఎవరూ పట్టించుకోరమ్మా. డ్రాయింగు, ఆటల పీరియడ్లు ఏమయ్యాయో మీకే తెలుసు. ఇరవై వద్దంటే పది పెట్టండి, కానీ వందలోపే ఉండాలి.

మద్దిలపాలెం లెక్చరరు:
సాధ్యమా అని అడిగేవాళ్ల కోసం లెక్క వేశాను. రాష్ట్రంలో ఏటా పది రాసేవాళ్లు ఆరు లక్షల మంది అనుకుందాం. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలంటే మొత్తం 50 వేల గంటలు. రోజుకు అయిదు గంటల చొప్పున వెయ్యి మంది ఉపాధ్యాయులు పది రోజుల్లో పూర్తి చేయగలరు. ఇంటర్‌లో సైన్సు ప్రాక్టికల్స్‌కు బయటి నుంచి ఎగ్జామినర్లను పంపుతూనే ఉన్నాం. ఫోనులో రికార్డు చేస్తే, అనుమానం వచ్చినప్పుడు ఇంకొకరు విని సరిచూడవచ్చు. చేయలేని పని మాత్రం కాదు.

ఆనందపురం టీచరు:
బయటి మండలం నుంచి ఎగ్జామినరు, రికార్డింగు, తక్కువ వచ్చినవాళ్లకు మళ్లీ వినిపించుకునే హక్కు. ఈ మూడూ ఉత్తర్వులో రాతపూర్వకంగా ఉంటే పది మార్కులకు నేను ఒప్పుకుంటాను. అందులో ఏ ఒక్కటి తగ్గినా వ్యతిరేకిస్తాను. భీమిలి మాస్టారు అడిగిన శిక్షణ కూడా ముందే జరగాలి. ఎనిమిదో తరగతి నుంచి మాట్లాడించకుండా పదిలో పరీక్ష పెట్టడం అన్యాయం.

గాజువాక తండ్రి:
ఎనిమిది నుంచి అంటే ఇప్పటి ఏడో తరగతి పిల్లలకు అందుతుంది. మా పాపది ఏడే. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మీ మూడు షరతులతో కలిపే అడుగుతాను.