కాడ్మియం-130: ఆ 0.66 భౌతికశాస్త్రమా, సర్దుబాటా?

కణాద: న్యూట్రాన్లు బాగా ఎక్కువున్న కేంద్రకాల బీటా క్షయం లెక్కల్లో ఒకటి నాకు మింగుడుపడదు. షెల్ మోడల్ (కేంద్రకంలోని కణాలను పొరలుగా అమర్చి లెక్కించే నమూనా) ఇచ్చే గామో-టెల్లర్ బలం, అంటే కణం స్పిన్ తిరగబడగల రకం బీటా క్షయపు జోరు, కొలతల కన్నా ఎక్కువ వస్తుంది. దించడానికి ఆపరేటర్‌ను (లెక్కలో ఆ క్షయాన్ని సూచించే పదాన్ని) 0.75 లాంటి క్వెంచింగ్ (తగ్గింపు) గుణకంతో గుణిస్తారు. 82 న్యూట్రాన్లున్న కేంద్రకాల వరుసలో దాన్ని 0.66 చేశారు. ఎందుకయ్యా అంటే, ఆ వరుసలోని కాడ్మియం-130 అర్ధాయువు 162 మిల్లీసెకన్లని అప్పటి కొలత. జవాబు చూసి లెక్క చేయడం కాదా ఇది?

శేషు: తర్వాతి కథ కూడా చెప్పాలిగా! జపాన్ పరిశోధన సంస్థ రైకెన్‌లో 127 మిల్లీసెకన్లు, 2016లో కెనడా ప్రయోగశాల ట్రయంఫ్‌లో 126 వచ్చింది. అర్ధాయువు గుణకం వర్గానికి విలోమం కదా. 0.75ని 0.66తో భాగించి వర్గం చేయండి: 1.29. 162ని 126తో భాగించినా అంతే! తప్పు పాత కొలతది. మామూలు 0.75 అలాగే ఉంచితే సరిపోయేది.

కణాద: నేననేదీ అదే. ఒక్క కొలత తప్పితే వరుసంతా వంకరపోయింది. ఆర్-ప్రాసెస్‌లో (విశ్వంలో కేంద్రకాలు న్యూట్రాన్లను వేగంగా మింగి బరువైన మూలకాలయ్యే ప్రక్రియలో) ద్రవ్యసంఖ్య 130 దగ్గర మూలకాల మోతాదులో కనిపించే శిఖరం ఈ అర్ధాయువుల మీదే నిలబడుతుంది మరి.

లలిత: 0.75 ఊడిపడ్డ అంకె కాదండీ. న్యూక్లియాన్ల (ప్రోటాన్లు, న్యూట్రాన్ల) మధ్య బలాల నుంచే మొదలుపెట్టి చేసిన లెక్క 2019లో నేచర్ ఫిజిక్స్‌లో వచ్చింది. ఆ కణాల కదలికల మధ్య బలమైన సహసంబంధాలు ఒకటి, బలహీన బలం ఒకేసారి రెండు న్యూక్లియాన్లతో జతపడటం రెండోది. ఈ రెండూ కలిపితే టిన్-100 దాకా ఏ గుణకమూ లేకుండా కొలతలతో కుదిరింది.

శేషు: టిన్-100లో ప్రోటాన్లు, న్యూట్రాన్లు చెరో 50. మన గొడవ న్యూట్రాన్ల వైపుది లలిత గారూ.

పాతకాపు: అందరూ షెల్ మోడల్ మీద పడ్డారు, క్యూఆర్‌పీఏని (షెల్ మోడల్ కన్నా తేలికైన, వేల కేంద్రకాలకు వాడగల మరో లెక్కింపు పద్ధతిని) వదిలేశారు. అక్కడ కూడా ప్రోటాన్-న్యూట్రాన్ జత బలాన్ని తెలిసిన అర్ధాయువులకు సర్దిన పట్టికలున్నాయి. వేల కేంద్రకాలకు అంకెలు కావాలంటే ఇంకేం చేస్తారు?

లలిత: అసలు చిక్కు 126 న్యూట్రాన్ల దగ్గర. అక్కడ మొదటి నిషిద్ధ పరివర్తనలు (మామూలుగా బాగా నెమ్మదైన మరో రకం బీటా క్షయాలు) గామో-టెల్లర్‌తో పోటీపడతాయి. వాటిలో ఒక్కో ఆపరేటర్‌కు ఒక్కో గుణకం. సీసం పరిసరాల్లో ఆ ఆపరేటర్లలో ఒకటైన యాక్సియల్ చార్జ్ పదాన్నయితే తగ్గించడం కాదు, పెంచాలి! కొలతలు కొరవడిన ఆ మూల ఏ గుణకం పెడతారు కణాద గారూ?

కణాద: ఒక్కటి పెట్టను. రెండు మూడు విలువలతో లెక్కించి, ఆ తేడాను దోషపు హద్దుగా పట్టికలోనే అచ్చు వేస్తాను. ఇప్పుడున్న పట్టికలు ఆర్-ప్రాసెస్ వాళ్లకు ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటున్నాయి, నా ఫిర్యాదల్లా దాని మీదే.