బొడ్డుతాడు రక్తం డబ్బు కట్టి దాచాలా? తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రుల చర్చ

అలిపిరి: తిరుపతిలో నెలలు నిండిన వాళ్ల దగ్గరకు బొడ్డుతాడు రక్తం దాచే ప్రైవేటు బ్యాంకుల ఏజెంట్లు వచ్చి, "రేపు బిడ్డకు క్యాన్సరొస్తే ఇదే కాపాడుతుంది" అంటున్నారు. 1988లో పారిస్‌లో ఫాంకోనీ అనీమియా (ఎముక మజ్జను దెబ్బతీసే పుట్టుక జబ్బు) ఉన్న పిల్లాడికి ఎక్కించింది బొడ్డుతాడు రక్తమే కదా. దాచుకుంటే తప్పేముంది?

కుప్పం ల్యాబ్: అన్నా, ఆ పిల్లాడికి ఎక్కించింది చెల్లెలిది, సొంతది కాదు. తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తహీనత జబ్బు) ఉన్న బిడ్డ బొడ్డుతాడులోనూ అదే జన్యులోపం ఉంటుంది. ల్యూకేమియా (రక్త క్యాన్సర్)లోనైతే కొందరికి ఆ చెడు పుట్టేనాటికే రక్తంలో మొదలై ఉంటుంది. పైగా సొంత కణాలు, చికిత్స తర్వాత మిగిలిపోయిన క్యాన్సర్‌ను పరాయిదని గుర్తుపట్టవు. సొంత అవసరానికి దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లోనే చెప్పింది.

పలమనేరు: సరే, ఇంట్లో పెద్దబిడ్డకు తలసీమియా మేజర్ (ఆ జబ్బులో తీవ్రమైన రకం) ఉండి తల్లి మళ్లీ గర్భవతైతే? అప్పుడూ వద్దంటారా?

కుప్పం ల్యాబ్: అప్పుడు పెద్దబిడ్డ కోసం తప్పకుండా తీయాలక్కా. కానీ లెక్క తెలిసి తీయాలి. పుట్టబోయే బిడ్డకు తలసీమియా మేజర్ రాకపోవడానికి 4లో 3 వంతుల అవకాశం, హెచ్‌ఎల్‌ఏ (ఒకరి కణాలు ఇంకొకరికి సరిపోతాయో చెప్పే గుర్తులు) పెద్దబిడ్డతో పూర్తిగా కలవడానికి 4లో 1. రెండూ కుదిరేది 16లో 3 సార్లే. అందుకే 10-12 వారాలకు మాయ ముక్క తీసి పరీక్ష చేయించాలి.

తర్వాత కణాల లెక్క. ఎక్కించుకునే బిడ్డ బరువులో కిలోకు కనీసం 3 కోట్లు, తలసీమియాకు ఇంకా ఎక్కువే కోరతారు. కిలోకు 5 కోట్లనుకుంటే 20 కిలోల బిడ్డకు 100 కోట్లు. 60 మిల్లీలీటర్ల రక్తం సంచిలో అన్ని దొరకడం కష్టం. గడ్డకట్టించి మళ్లీ కరిగించేటప్పుడు కొన్ని చస్తాయి కూడా.

చిత్తూరు సిస్టర్: కాన్పు గదిలో చెడేదే ఎక్కువ. తాడును బిగించాక బెటాడిన్‌తో బాగా తుడిచి, సిరలో సూది గుచ్చి, సంచిని మాయ కంటే కిందికి పెట్టాలి. పక్కకూ పక్కకూ నెమ్మదిగా ఊపుతుండాలి, లేకుంటే గడ్డలు కడతాయి. సరిగా తుడవకపోతే బ్యాక్టీరియా చేరుతుంది. తల్లి రక్తం కూడా హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలకు పంపాలి. సంచి 48 గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి.

అలిపిరి: తాడు వెంటనే బిగిస్తే ఎక్కువ రక్తం వస్తుందట కదా?

చిత్తూరు సిస్టర్: వస్తుంది, కానీ అది పుట్టిన బిడ్డకు చేరాల్సిన రక్తం. కనీసం 1 నిమిషం ఆగమని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. ఏజెంటు సంచి కోసం ఆ నిమిషం కోయడం అన్యాయం. పెద్దబిడ్డ ప్రాణం దాని మీదే ఉంటే మాత్రం డాక్టర్, తల్లిదండ్రులు ముందే కూర్చుని తేల్చుకోవాలి.

పలమనేరు: లెక్క చాలకపోతే సంచి పారేయాల్సిందేనా?

కుప్పం ల్యాబ్: పారేయొద్దు. చిన్నబిడ్డ కాస్త ఎదిగాక అదే బిడ్డ ఎముక మజ్జ కొంత తీసి, ఈ సంచితో కలిపి ఎక్కించవచ్చు. బొడ్డుతాడు రక్తం ఒక్కటే ఎక్కిస్తే తెల్లకణాలు మళ్లీ పెరగడానికి 3-4 వారాలు పడుతుంది, ఆ రోజుల్లో ఇన్‌ఫెక్షన్ల భయం ఎక్కువ. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దగ్గరే. ఏడో నెల దాకా ఆగకుండా, గర్భం తెలిసిన వెంటనే సీఎంసీ హెమటాలజీ (రక్తవ్యాధుల విభాగం) వాళ్లను కలవండి.