పిల్లల్ని కాస్తున్న కొర్రమీనుకు గాలం వేయొచ్చా?

ఎర్రలడబ్బా

మా గాలం గ్రూపులో ఒక ఫొటో మీద వారం నుంచి గొడవ నడుస్తోంది, ఇక్కడ పెద్దలు తేల్చాలి. గ్రూపులో ఒకడు సిద్దిపేట వైపు చెరువులో రబ్బరు కప్పతో (ఎరగా గాలానికి కట్టే బొమ్మ కప్ప) మంచి సైజు కొర్రమీను లాగాడు. ఫొటోలో వాడి వెనకాల నీళ్ల మీద ఎర్రెర్రగా పిల్లల గుంపు కనిపిస్తూనే ఉంది. సగం మంది శెభాష్ అన్నారు. మిగతా సగం ‘తల్లిని ఎత్తుకొచ్చావురా’ అని తిట్టారు.

కొత్తవాళ్ల కోసం విషయం చెప్తాను. వానలు పడగానే కొర్రమీను జంట గడ్డి, నాచు మధ్య కాస్త జాగా ఖాళీ చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి పైనే తేలుతుంటాయి. ఆడా మగా రెండూ కిందనే కాపలా ఉంటాయి. పిల్లలు బయటికొచ్చాక కూడా గుంపు విడిపోవు, నారింజ రంగు ముద్దలా కదులుతుంటాయి. కొర్రమీను జాతి గాలి పీల్చాలి కాబట్టి ఆ పిల్లలన్నీ మాటిమాటికీ పైకొస్తాయి, అక్కడ నీళ్లు చిటపటమంటాయి. గాలం వేసేవాడికి అదే అడ్రస్. ఆ గుంపు మీదుగా కప్పను లాగితే చాలు, తల్లో తండ్రో ఎగిరి కొడుతుంది. ఆకలేసి కాదు, తరిమేయడానికి.

దీన్ని వేట అనాలా? వండుకుని తినడంలో తప్పేమైనా ఉందా?

బెండుమునిగె

తప్పేముంది అన్నా? చేప తినేదే వానల మొదట్లో. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది, ఆ రోజు చేప ముక్క నోట్లో పడకపోతే మా అమ్మ ఊరుకోదు. హైదరాబాద్‌లో రాంనగర్, ముషీరాబాద్ మార్కెట్ల దగ్గర ఆ రోజు నడవడానికి కూడా సందు ఉండదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వాళ్ల చేప ప్రసాదం అయితే బతికున్న కొర్రమీను పిల్లలతోనే ఇస్తారు. అక్కడ లైన్లో నిలబడి మింగినవాళ్లే ఇక్కడికొచ్చి ‘అయ్యో పిల్లలు’ అంటే నవ్వొస్తుంది.

ఇంకో మాట. పులస సముద్రం నుంచి గోదారిలోకి ఎదురెక్కేదే గుడ్లు పెట్టడానికి. ధవళేశ్వరం కింద వలేసి పడతారు, కిలో వేలల్లో పలుకుతుంది, జన (కడుపులో గుడ్లు) ఉన్న చేప దొరికితే పండగే. పుస్తెలమ్మైనా తినాలంటారు తప్ప పాపమని ఎవరూ అనరు. రూలు ఒక్క కొర్రమీనుకేనా?

అలుగుకింద

మాది మత్స్య సొసైటీ (జాలరుల సంఘం) కుటుంబం. రెండు మూడు విషయాలు కలిపేస్తున్నారు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ప్రసాదం పిల్లల్ని మత్స్యశాఖే ఏర్పాటు చేస్తుంది. చెరువులో గుంపుకు, వాటికి సంబంధం లేదు. పులస సంగతి మీరే బయటపెట్టారు కాబట్టి అడుగుతున్నా, ఇప్పుడు పులస ఎంతమందికి దొరుకుతోంది? ఒడిశా, బెంగాల్ నుంచి ఐస్ పెట్టెల్లో వచ్చిన ఇలసనే (సముద్రంలో ఉన్నప్పుడు పులసకు ఉండే పేరు) పులసని అమ్ముతున్నారని గోదావరి జిల్లాలవాళ్లే మొత్తుకుంటున్నారు. పైకి పోయే దారికి ఆనకట్ట అడ్డం, కింద వల అడ్డం. దాన్ని ఆదర్శంగా చూపిస్తే ఎట్లా?

ఇక చెరువు సంగతి. బొచ్చె, రవ్వు, మోసు లాంటివి నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వరద నీటి పారుడు కావాలి. అందుకే ఏటేటా సీడ్ (చేపపిల్లలు) తెచ్చి పోస్తాం. ఉచిత చేపపిల్లల పథకంలో మాకు వచ్చేవి కూడా ముఖ్యంగా అవే, వాటితోపాటు బంగారుతీగ చేప. ఆషాఢంలో మీరు నిండు గుడ్లతో ఉన్న బొచ్చెను గాలంతో పట్టి వండుకున్నా చెరువుకు వచ్చే ఏడాది తగ్గేదేమీ ఉండదు. కొర్రమీను అట్లా కాదు. అది మా చెరువులో తనంతట తను పుట్టి పెరిగే చేప. ఒక జంట నిలబెట్టిన గుంపే రెండేళ్ల తర్వాత మాకు కూడు. ఉన్న చేపల్లో ఎక్కువ రేటు దానిదే.

ఇంకో సంగతి గాలం వేసేవాళ్లకు తెలియకపోవచ్చు. వల లాగితే కొర్రమీను అంత సులువుగా దొరకదు, బురదలోకి దూరి వల కిందనుంచి తప్పించుకుంటుంది. మేము దాన్ని గట్టిగా పట్టేది ఎండాకాలంలో, చెరువు ఎండుతున్నప్పుడు. మోకాలి లోతు బురదలో చేత్తో తడిమి పడతాం. అంటే వానాకాలంలో కాపలా ఉన్న జంటకు మా వల నుంచి పెద్ద ప్రమాదం లేదు. దానికి ఆ సమయంలో శత్రువు మీ రబ్బరు కప్పే.

అడగకుండా వచ్చి గాలం వేయడం గురించి వేరే చర్చ పెట్టుకుందాం. అది మొదలుపెడితే ఇది పక్కకు పోతుంది.

రాళ్లమీద

విశాఖ నుంచి. మాకు ఈ పంచాయితీ ప్రభుత్వమే తీర్చేసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. ఒకప్పుడు 47 రోజులే ఉండేది. మోటారు లేని తెప్పలకు మినహాయింపు. చేపలు గుడ్లు పెట్టే కాలమనే ఈ విరామం.

గమనించారో లేదో, మృగశిర కార్తె సరిగ్గా ఈ నిషేధం ఆఖరి వారంలో వస్తుంది. అంటే రాష్ట్రమంతా చేప కోసం ఎగబడే రోజున తూర్పు తీరంలో మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. బరువంతా చెరువుల మీద పడుతుంది. పెంపకం బొచ్చె, రవ్వు ఆ బరువు మోస్తాయి, సరే. చెరువులో సొంతంగా పుట్టిన కొర్రమీను మీద కూడా ఎందుకు వేయడం?

మేం రాళ్ల మీద నిలబడి గాలం వేసేవాళ్లం, మాకు నిషేధం లేదు. తంగూసుకు సీసం కట్టి, రొయ్య ముక్క గుచ్చి విసిరితే గులివిందలు, అదృష్టం ఉంటే ఒక పార చేప. గులివింద చిన్నదే, కానీ వేడి పెనం మీద ఉప్పూ కారం పట్టించి కాల్చితే కొర్రమీను మర్చిపోతారు. ఇది ఎగతాళికే లెండి, తెలంగాణ అన్నలు కొట్టకండి.

బెండుమునిగె

@అలుగుకింద, అన్నా, వివరంగా చెప్పావు, గౌరవం ఉంది. కానీ జంట అన్నావు కదా, ఒకటి గాలానికి పడితే ఇంకొకటి కాస్తుందిగా. సగం నష్టమే.

అలుగుకింద

ఆ ఇంకొకటి కూడా అదే కప్పను కొడుతుంది తమ్ముడూ. ఒకదాన్ని లాగి, గాలం సర్ది, మళ్లీ అక్కడే వేసేవాళ్లను గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉన్నా. కాపలా చేప భయపడి పారిపోదు, అదే దాని ఖర్మ. మామూలు రోజుల్లో పెద్ద కొర్రమీనును పట్టాలంటే పొద్దున్నే పోయి అడుగుల చప్పుడు రాకుండా గంటలు నిలబడాలి. గుంపు మీద పట్టడానికి ఏ పనితనమూ అక్కర్లేదు.

కొత్తగాలం

పట్టి, ఫొటో దిగి, వదిలేస్తే? నేను అలాగే చేస్తాను. తినను కూడా.

రాళ్లమీద

నువ్వు ఫొటో దిగే లోపల గుంపుకు కాపలా ఎవరు? తిలాపియాలు, జెల్లలు, పెద్ద పరిగెలు చుట్టూరా అదే అదను కోసం ఉంటాయి. పైగా ఆ కప్ప గాలానికి రెండు ముళ్లు, నోరు చీలిన చేప తిరిగి వెళ్లి ఏం కాస్తుంది? నా దృష్టిలో తినేవాడికన్నా ఇది ఇంకా అన్యాయం. వాడు కనీసం కూరైనా వండుకున్నాడు.

పొటోమాక్ ఒడ్డున

నేను మేరీల్యాండ్‌లో ఉంటాను, మీ చర్చ ఇక్కడ తలకిందులుగా నడుస్తుంది. కొర్రమీనుకు దగ్గరి చుట్టం ఒకటి, నార్తర్న్ స్నేక్‌హెడ్, తూర్పు ఆసియా చేప. 2002లో మా రాష్ట్రంలోనే క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో దొరికితే కుంటలో మందు పోసి మొత్తం చంపేశారు. 2004 నాటికి పొటోమాక్ నదిలో కనబడింది, ఇప్పుడు చెసపీక్ బే వైపు నదుల్లో చాలాచోట్ల ఉంది. ఇక్కడ దాన్ని పడితే ప్రాణంతో ఉంచుకోవడం, తీసుకెళ్లడం నేరం. పట్టండి, చంపండి, తినండి అని ప్రభుత్వమే చెప్తుంది. లైసెన్సు మాత్రం ఉండాలి.

ఇదీ కొర్రమీనులాగే పిల్లల్ని కాస్తుంది. ఇక్కడివాళ్లు జూన్‌లో గుంపులను వెతికి మరీ తల్లిదండ్రులను పడతారు. పెద్దవి పోతే గుంపంతా మిగతా చేపల పాలవుతుందని. మేం తెలుగువాళ్లం నలుగురం కలిసి వెళ్తాం, చింతపండు పులుసు పెడితే మన కొర్రమీనుకు పెద్ద తేడా తెలియదు, కండ గట్టిగా ఉంటుంది, ముల్లు తక్కువ.

కాబట్టి నా మాట ఏమిటంటే, గుంపు మీద పెద్ద చేపను పడితే ఏమవుతుందో ఇక్కడ తెలిసే చేస్తున్నారు. జాతిని తగ్గించడానికి అంతకన్నా సులువైన దారి లేదు. మీ చెరువులో కొర్రమీను తగ్గాలని మీరు అనుకుంటే చేయండి.

బెండుమునిగె

ఇది మాత్రం ఆలోచించాల్సిన పాయింటే. కానీ ఒకటి చెప్పండి. అందరూ ‘తిలాపియా పట్టుకోండి, ఎన్నైనా పట్టుకోండి’ అంటారు. తిలాపియా తల్లి గుడ్లను, పిల్లలను నోట్లోనే దాచుకుంటుంది కదా. దానికి తల్లి ప్రేమ లేదా? బాధ కొర్రమీను మీదే ఎందుకు? 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయ్యిందనా?

అలుగుకింద

ప్రేమ సంగతి నేను ఎత్తలేదు తమ్ముడూ, చెరువు లెక్క చెప్తున్నా. తిలాపియా బయటి దేశం చేప, 1950ల్లో తెచ్చారు. కొన్ని నెలల వయసుకే గుడ్లకొస్తుంది, ఏడాదిలో మళ్లీ మళ్లీ పెడుతుంది. చెరువంతా అరచేతి సైజు తిలాపియాలే నిండిపోయి మిగతావాటి మేత తినేస్తున్నాయి. నువ్వు బుట్టెడు పట్టినా మాకు మేలే, మా సొసైటీలో ఎవరూ అడ్డం చెప్పరు. కొర్రమీనును పట్టొద్దని కూడా నేననడం లేదు. దసరా దాటాక రా, గుంపులు విడిపోయి ఉంటాయి. సంక్రాంతి తర్వాత రా, ఇంకా మంచిది. గుంపు మీద వద్దు, అంతే.

పులుసుగిన్నె

మగవాళ్లంతా పట్టడం గురించే మాట్లాడుతున్నారు, కడిగేది మేము కాబట్టి నేనూ ఒక మాట. తిలాపియా అంటే ముఖం చిట్లించేవాళ్లు దాన్ని సరిగ్గా కడగనివాళ్లే. పొట్ట చీల్చాక లోపల గోడకు నల్లటి పొర అంటుకుని ఉంటుంది, వాసన సగం దానిదే. వేలికి రాళ్లుప్పు అద్దుకుని ఆ పొర పూర్తిగా ఊడేదాకా రుద్దాలి, మొప్పలు పీకేయాలి. తర్వాత మజ్జిగలో గానీ, నిమ్మరసం పసుపు పట్టించి గానీ కాసేపు ఉంచి కడిగితే బురద కంపు చాలావరకు పోతుంది. పులుపుకే ఆ వాసన విరుగుతుంది, అందుకే చెరువు చేపకు మనవాళ్లు చింతపండు దండిగా పోస్తారు. దాన్ని పులుసు పెట్టకండి, చిన్న ముళ్లతో పిల్లలకు కష్టం. గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి, కారం, కొంచెం బియ్యప్పిండి పట్టించి ఇనప పెనం మీద సన్న సెగన రెండు వైపులా ఎర్రగా వేయించండి.

కొర్రమీను వేరే సంగతి. బూడిద వేసి బండ మీద రుద్దితే తప్ప జిగురు వదలదు. పులుసుకు దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. వండిన మర్నాడు ఇంకా బాగుంటుంది. కానీ ఇంటికి ఎండాకాలంలో తెచ్చినా అదే కొర్రమీనే కదా, ఈ నెలలోనే కావాలని పట్టు ఎందుకు?

బెండుమునిగె

అక్కా, పులుసు పేరెత్తి నన్ను ఓడించేస్తున్నారు 🙂 గుంపు మీద వేయను, సరే. కానీ గుంపు కనబడని చోట, గడ్డి అంచున కప్ప వేస్తే, కాపలా చేప కాదని నాకేం తెలుసు? అంత దూరం ఆలోచిస్తే జూన్ నుంచి గాలం అటక మీద పెట్టాల్సిందే. అది నా వల్ల కాదు.

కొత్తగాలం

నిజమే, గుంపు ఇంకా గుడ్ల దశలో ఉంటే పైకి ఏమీ కనబడదు కదా?

అలుగుకింద

గుడ్లు ఉన్నచోట గడ్డి మధ్య గుండ్రంగా ఖాళీ జాగా కనిపిస్తుంది, పసుపు రంగు గుడ్లు పైనే తేలుతుంటాయి, కానీ ఒడ్డు నుంచి చూడటం కష్టమే. నన్నడిగితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా కప్ప గాలం ఇంట్లో పెట్టి, ఎర్రలు, పిండి గాలంతో రండి. నడిలోతు వైపు వేయండి, జెల్ల, రవ్వు, తిలాపియా ఏదో ఒకటి పడుతుంది. పొరపాటున కొర్రమీను పడితే ఎవరూ మిమ్మల్ని ఉరి తీయరు.

ఎర్రలడబ్బా

అందరికీ థాంక్స్. ఇదంతా గ్రూపులో పెట్టాను. ఫొటో పెట్టినవాడు ఇంకా ఒప్పుకోలేదు, ‘నేను పట్టకపోతే ఇంకొకడు పడతాడు’ అంటున్నాడు. మిగతావాళ్లం మాత్రం గుంపు కనబడే ఫొటోలను గ్రూపులో పెట్టకూడదని అనుకున్నాం. లైకులు రాకపోతే సగం మంది అటు పోరు.

ఆదివారం తిలాపియాకే వెళ్తున్నాం. పిండిలో ఏం కలపాలి? గోధుమపిండి ఒట్టిదే వేస్తే చిన్న పరిగెలు గిల్లుకుపోతున్నాయి.

అలుగుకింద

గోధుమపిండిలో పల్లీచెక్క పొడి కలుపు, గట్టిగా పిసుకు, గాలం చిన్నది వాడు. ఊళ్లోకి రాగానే గట్టు మీద మనవాళ్లు ఎవరున్నా ఒక మాట చెప్పి మొదలుపెట్టు.