ప్రాక్స్‌మాక్స్‌లో వీఎమ్‌లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి

ప్రశ్న:
మా ఆఫీసులో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషీన్ మీద ప్రాక్స్‌మాక్స్ 8 (ఒకే మెషీన్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాను. మూడు వీఎమ్‌లు (వర్చువల్ మెషీన్లు), ఒక్కోదానికి 200 జీబీ డిస్క్. పొద్దున వచ్చి చూస్తే మూడింటి పక్కనా పసుపు గుర్తు, కింద ‘ఐఓ ఎర్రర్’ (డిస్క్‌లో చదవడం, రాయడంలో లోపం). నిన్న సాయంత్రం చూసినప్పుడు ఒక్కో వీఎమ్ లోపల సగం ఖాళీగానే ఉంది. జీఎస్టీ లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు 1:
కంగారు పడకండి, రీసెట్ మాత్రం నొక్కకండి. హోస్ట్ (అసలు మెషీన్) షెల్‌లో ‘ఎల్‌వీఎస్’ కమాండ్ కొట్టి, డేటా శాతం ఎంతుందో చెప్పండి. 500 జీబీలో 600 పంచారు కదా, థిన్ పూల్ (వీఎమ్‌లన్నీ రాసేకొద్దీ వాడుకునే ఉమ్మడి జాగా) నిండిపోయి ఉంటుంది. జాగా పట్టుకుని ఉన్న పాత స్నాప్‌షాట్లు (ఒకప్పుడు డిస్క్ ఎలా ఉందో దాచినవి) ఉన్నాయా?

ప్రశ్న వేసినవారు:
సరిగ్గా 100.00 చూపిస్తోంది! విండోస్ వీఎమ్‌కి మార్చిలో తీసిన స్నాప్‌షాట్ అలాగే ఉంది.

జవాబు 1:
అది అక్కర్లేకపోతే తీసేసి, రెజ్యూమ్ చేయండి. తర్వాత ప్రతి డిస్క్‌కీ ‘డిస్కార్డ్’ (చెరిపిన జాగాని పూల్‌కి తిరిగిచ్చే సెట్టింగ్) టిక్ పెట్టండి. వీఎమ్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తేనే అది అమలవుతుంది, లోపలి నుంచి రీబూట్ చేస్తే సరిపోదు. లినక్స్ వీఎమ్‌లలో ‘ఎఫ్‌ఎస్‌ట్రిమ్’ కమాండ్ నడపండి. లేకపోతే లోపల ఫైళ్లు చెరిపినా పూల్‌కి ఆ జాగా తిరిగి రాదు.

జవాబు 2:
బ్యాకప్‌లు ఎక్కడికి వెళ్తున్నాయండీ? అదే ఎస్‌ఎస్‌డీ మీదైతే అవి ఉన్నా లేనట్టే. ఇంకో మెషీన్‌కి పంపండి, నెలకోసారి ఒకటి రీస్టోర్ చేసి చూడండి.

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడు డేటా శాతం 71కి దిగింది, మూడు వీఎమ్‌లూ లేచాయి. లెక్కలు భద్రంగా ఉన్నాయి. బ్యాకప్ కోసం పాత డెస్క్‌టాప్ ఒకటి ఈరోజే తీస్తున్నాను. ఇద్దరికీ చాలా థాంక్సండీ.