‘లీ’ ఉంటే క్రియావిశేషణమేనా?

తిరుపతి నుంచి అడుగుతున్నాను. మావాడు ఏడో తరగతి. గ్రామర్ పరీక్షలో ‘ఫ్రెండ్లీ’ని క్రియావిశేషణమని రాసి మార్కు పోగొట్టుకున్నాడు. “చివర లీ ఉంటే అడ్వెర్బే కదా నాన్నా” అంటాడు. నేను చదువుకున్నదీ అదే. ఎవరైనా విడమరచి చెప్పండి.

— అన్నా, తోకను వదిలేసి దాని ముందున్న మాట చూడమనండి. స్లో, క్విక్ లాంటి విశేషణానికి లీ చేరితే సాధారణంగా క్రియావిశేషణం. ఫ్రెండ్, కాస్ట్, మదర్ లాంటి నామవాచకానికి చేరితే చాలావరకు విశేషణం. డైలీ మాత్రం రెండు పడవల మీదా కాళ్లు పెడుతుంది: డైలీ పేపర్ అంటాం, డైలీ వస్తాడనీ అంటాం. మనకీ తంటా లేదు. అందమైన ముగ్గు, అందంగా వేసింది. తోకలు వేరు. ఇంగ్లీషులో ఒకే లీకి రెండు డ్యూటీలు. అందుకే స్నేహంగా మాట్లాడాడు అనడానికి ఫ్రెండ్లీ ఒక్కటే చాలదు, ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అని చుట్టు తిరగాలి.

— మాది బంగారుపాళెం, కాబట్టి మామిడి సంగతే అడుగుతా. మ్యాంగో జ్యూస్‌లో మ్యాంగోకి తోకే లేదే?

— అది నామవాచకమే, విశేషణం పనికి కుదిరింది. ముందు వెరీ పెట్టి చూడండి. వెరీ జ్యూసీ నిలుస్తుంది, వెరీ మ్యాంగో నిలవదు. ఈ పరీక్షనూ గుడ్డిగా నమ్మొద్దు. వుడెన్ అసలైన విశేషణమే, అయినా వెరీ వుడెన్ టేబుల్ అనరు. మన మామిడి తోటలోనూ మామిడి మారదు. రాయి మాత్రం రాతి మెట్లవుతుంది, బంగారం తిరుమలలో బంగారు వాకిలి అవుతుంది. సరసము, మాట కలిస్తే సరసపు మాట అని చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) సూత్రమే ఉంది.

— గోల్డ్ చైన్ అనాలా, గోల్డెన్ చైన్ అనాలా?

— నగకు గోల్డ్. గోల్డెన్ ఇప్పుడు ఎక్కువగా రంగుకీ, పొగడ్తకీ. మనకు బంగారు గొలుసైనా బంగారు తల్లైనా ఒకటే మాట, హాయి.

— మళ్లీ నేనే, తిరుపతి. ఇదంతా విని మావాడు “మరి అగ్లీలో అగ్ అంటే ఏంటి?” అంటున్నాడు.

— గట్టివాడే! అది పాత నార్స్ భాష నుంచి వచ్చిన మాట. అక్కడ ‘ఉగ్గ్’ అంటే భయం. అదీ నామవాచకమే.