ఒసాకాలో అమ్మతో నడిచి చూడటానికి ఏ పేటలు బాగుంటాయి?

ఒసాకా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త సలహా ఇవ్వండి. నేను ఆఫీసు పని మీద ఇక్కడే ఉన్నాను, వచ్చే వారం అమ్మ వస్తోంది. తనకి టవర్లూ మాల్సూ అక్కర్లేదు, జనం బతికే వీధులు చూడాలంటుంది.

ఈ ఊళ్ళో నాకు బాగా నచ్చిందేంటంటే పక్కపక్క పేటలకే పోలిక ఉండదు. ఉమేదా అంతా అద్దాల మేడలు, భూమి కింద దారి తప్పిపోయేంత పెద్ద బజారు. అక్కడినుంచి కాసేపు నడిస్తే నకజాకిచో, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల నుంచి బయటపడ్డ పాత చెక్క ఇళ్ళు, ఎదురుగా ఎవరైనా వస్తే పక్కకి ఒత్తిగిలాల్సినంత సన్నటి సందులు, గుమ్మాల ముందు పూలకుండీలు, ఆ ఇళ్ళలోనే చిన్న చిన్న కాఫీ షాపులు. దక్షిణాన తెన్నోజిలో 300 మీటర్ల అబెనో హరుకాస్ భవనం, దానికి కొద్ది దూరంలోనే పాతకాలపు షిన్‌సెకాయ్, 1956లో మళ్ళీ కట్టిన త్సూతెన్‌కాకు టవర్, చుట్టూ కుషికాత్సు (పుల్లకి గుచ్చి నూనెలో వేయించిన మాంసం, కూరగాయల ముక్కలు) కొట్లు.

అసలు టెన్షన్ తిండి గురించే. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా తినదు, ఇక్కడేమో కూరగాయల సూప్‌లో కూడా చేపల దాషి (ఎండు చేపలతో తీసిన రసం) పోస్తారు. షిన్‌సెకాయ్‌లో గానీ త్సురుహాషి కొరియన్ బజారు వైపు గానీ ఆవిడ నిశ్చింతగా తినగలిగేది ఏమైనా దొరుకుతుందా, లేక పులిహోర కట్టుకుని వెళ్ళడమే మేలా? షిన్‌సెకాయ్‌లో దీపాలు వెలిగాకే అందం, కానీ తాగేవాళ్ళూ ఎక్కువే, చీకటి పడ్డాక అమ్మని తీసుకెళ్ళొచ్చా? మోకాళ్ళ నొప్పులున్నాయి కాబట్టి మిదోసుజి మెట్రో దిగి ఎక్కువ మెట్లెక్కకుండా తిరగగలిగే పేటలైతే ఇంకా మంచిది.