సెషన్ ‘ముగించబడుతుంది’ అనాలా, ‘ముగుస్తుంది’ అనాలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా స్కూలు ల్యాబ్‌లో ఉన్నవి లినక్స్ కంప్యూటర్లు. పిల్లలు లాగౌట్ చేయకుండానే వెళ్లిపోతుంటారు. సాయంత్రం తాళం వేసే ముందు అందరి సెషన్లూ (లాగిన్ నుంచి లాగౌట్ దాకా నడిచేవి) మూసేసేలా ఒక స్క్రిప్ట్ (కంప్యూటర్ వరసగా నడిపే ఆదేశాల ఫైలు) రాశాను. ఇంకా కూర్చుని ఉన్నవాళ్లకి ముందుగా తెర మీద ఒక హెచ్చరిక రావాలి. "అయిదు నిమిషాల్లో మీ సెషన్ ముగించబడుతుంది" అని పెట్టాను. చదివితే కోర్టు నోటీసులా ఉంది. ఇంకెలా రాయొచ్చు?

జవాబు: ముందు ఆ ‘బడు’ తీసేయండి. ముగియు, ముగించు అని రెండు క్రియలు ఉండగా మూడోది దేనికి? "ఇంకో అయిదు నిమిషాల్లో మీ సెషన్ ముగుస్తుంది. పని సేవ్ చేసుకోండి." ‘చేయండి’ కాదు, ‘చేసుకోండి’. అది మీ కోసమే అన్న మాట ఆ ‘కో’లోనే ఉంది.

జవాబు: ‘చేసుకోండి’ బాగుంది కానీ ‘ముగుస్తుంది’తో నాకు పేచీ. అలా అంటే దానంతటదే అయిపోతున్నట్టుంది. ఇక్కడ స్క్రిప్ట్ పనిగట్టుకుని మూస్తోంది కదా! అసలు ఏ కమాండ్ వాడారు? దాన్నిబట్టి క్రియ మారుతుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లోని ‘గ్నోమ్-సెషన్-క్విట్’ అయితే యూజర్ సెషన్ లోపలినుంచి మర్యాదగా వెళ్లమనడం. ఏదైనా అప్లికేషన్ అడ్డుపడితే ఆగుతుంది. ‘ఫోర్స్’ చేరిస్తే ఆ అడ్డును లెక్కచేయదు. రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) ‘లాగిన్‌సీటీఎల్ టెర్మినేట్-యూజర్’ ఇస్తే మాత్రం వెళ్లగొట్టడమే, ఆ యూజర్ సెషన్లలోని ప్రాసెస్‌లన్నీ (నడుస్తున్న ప్రోగ్రాములన్నీ) పోతాయి. ఇక ప్రోగ్రాములకి ‘ఆగు’ అన్న సిగ్నల్ పంపే ‘పీకిల్’ కమాండ్‌తో సిగ్నల్ 9 పంపితే మెడపట్టి గెంటడం. సిగ్నల్ 15కి ప్రోగ్రామ్ తన సామాను సర్దుకోగలదు, 9కి ఆ వీలు లేదు.

మెనూలో కనిపించే ‘నిష్క్రమించు’ యూజర్ తనే నొక్కే బటన్‌కి సరే. స్క్రిప్ట్ యూజర్ని ‘నిష్క్రమించింది’ అనలేం. ‘నిష్క్రమింపజేసింది’ అని ఎవరూ అనరు. లాగౌట్‌తో ఈ బాధ లేదు: పిల్లాడు లాగౌట్ అయ్యాడు, స్క్రిప్ట్ లాగౌట్ చేసేసింది.

ప్రశ్న వేసినవారు: రూట్ క్రాన్‌లోంచి (పెట్టిన వేళకి పనులు నడిపే ఏర్పాటు), మీరన్న టెర్మినేట్-యూజర్‌తోనే. గ్నోమ్ కమాండ్ క్రాన్‌లో పనిచేయలేదు, అక్కడ డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) అడ్రస్ ఉండదట.

జవాబు: అయితే మీ హెచ్చరిక కూడా రాదండీ! తెర మీద సందేశం చూపే ‘నోటిఫై-సెండ్’ కమాండ్‌కీ అదే అడ్రస్ కావాలి. యూజర్ నంబరు 1000 అయితే ‘/రన్/యూజర్/1000/బస్’. ఆ యూజర్ పేరు మీదే నడపండి.

జవాబు: ఇంకో సంగతి. మనిషి వెళ్లడం, పని ఆగడం ఒకటి కాదు. 2016లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో లాగిన్లు, సేవలు చూసుకునే ప్రోగ్రామ్) 230వ వెర్షన్, లాగౌట్ కాగానే యూజర్ ప్రాసెస్‌లన్నీ చంపేయడాన్ని డిఫాల్ట్ చేసింది. టీమక్స్‌లో (మనం వెళ్లినా టెర్మినల్ పని నడిపిస్తూ ఉండే ప్రోగ్రామ్) పని నడుస్తుండగా వదిలి వెళ్లడం అలవాటైనవాళ్లు గోల పెట్టారు. డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఆ డిఫాల్ట్‌ను తిప్పేసింది. ‘సెషన్ ముగుస్తుంది’ అంటే ఈ రెండిట్లో ఏదో తేలదు, అందుకని ‘సెషన్’ అన్న మాటే వద్దంటాను. పిల్లలకి అదేంటో తెలీదు, తెలిసిన టీచర్లకేమో టెన్షన్.

ప్రశ్న వేసినవారు: ఇలా పెడుతున్నా: "ల్యాబ్ మూసే వేళయింది. అయిదు నిమిషాల్లో కంప్యూటర్ మిమ్మల్ని లాగౌట్ చేసేస్తుంది. పని సేవ్ చేసుకోండి."

జవాబు: ‘చేసేస్తుంది’ కాస్త బెదిరింపులా ఉంది. ‘చేస్తుంది’ చాలదా?

ప్రశ్న వేసినవారు: ఉండనివ్వండి సార్. మా ఎనిమిదో తరగతిని మీరు చూడలేదు.